బిల్లు కన్నా తేదీ ముఖ్యం

ఇన్సూరెన్సు క్లెయిము అనగానే ఎవరైనా చెప్పే మొదటి మాట "బిల్లులన్నీ జాగ్రత్తగా పెట్టుకో" అని. మంచి మాటే, కాదనను. కానీ నేను చూసినంతలో పెద్ద క్లెయిములు ఇరుక్కునేది బిల్లు పోయి కాదు, తేదీ దగ్గర.

మా టీములో ఒకాయన సంగతే చెప్తాను. ఆఫీసు పాలసీ కాకుండా అమ్మానాన్నల కోసం విడిగా ఒక పాలసీ తీసుకున్నాడు. నాలుగో ఏడు నడుస్తుండగా నాన్నగారికి గుండెనొప్పి వస్తే విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరు "షుగరు ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అనడిగితే, పక్కనున్న బాబాయిగారు "ఓ పదేళ్ళు ఉంటుందేమోనండీ" అన్నారట. ఆ 'ఏమో' కాస్తా ఎగిరిపోయి కేస్ షీట్లో పదేళ్ళు అని పడింది. నిజానికి షుగరు బయటపడి రెండేళ్ళే అయింది. కంపెనీ వాళ్ళు కేస్ షీటు చూసి, పాలసీ తీసుకునేటప్పుడే జబ్బు దాచారు పొమ్మన్నారు.

చివరికి వాళ్ళని ఆదుకున్నది ఆసుపత్రి బిల్లు కాదు. వాళ్ళమ్మగారు బీరువాలో చీరల కింద దాచిన పాత ల్యాబు రిపోర్టు. పాలసీకి ముందు చేయించినది, అందులో షుగరు నార్మల్. దాంతోపాటు షుగరు మందులు మొదటిసారి రాసిన చీటీ. ఈ రెండూ పెట్టి మళ్ళీ రాస్తే అప్పుడు కదిలింది. ఆ రిపోర్టు ఖరీదు మహా అయితే వంద రూపాయలు ఉండి ఉంటుంది!

బాబాయిగారిని తిట్టుకుని లాభం లేదు. నా కోపమంతా వేరే చోట. పాలసీ అమ్మేటప్పుడు ఏజెంటు ఫోన్లోనే టకటకా నాలుగు 'నో'లు కొట్టేసి ప్రీమియం కట్టించేస్తాడు. అప్పుడు ఎవరికీ ఏ కాగితమూ అక్కర్లేదు. క్లెయిము వచ్చాక మాత్రం పురావస్తు శాఖ తవ్వకాలు మొదలు! అందుకే పాలసీతో పాటు వచ్చే ప్రపోజల్ ఫారం కాపీ ఒకసారి చదివి, తప్పుంటే అప్పుడే రాతపూర్వకంగా చెప్పి, ఆ మెయిలు దాచుకోవాలి.

"2024లో రూల్సు మారాయిగా, కాగితాలు మనం ఇవ్వక్కర్లేదటగా" అనేవాళ్ళున్నారు. నిజమే. ఐఆర్‌డీఏఐ (మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది వాళ్ళ ఆఫీసు) 2024 మేలో ఇచ్చిన సర్క్యులర్‌లో, క్లెయిముకి కావలసిన పత్రాలు కంపెనీలే ఆసుపత్రి నుంచి తెచ్చుకోవాలని ఉంది. బాగుంది. కానీ ఆసుపత్రి దగ్గర ఉండేది ఆ వారం రోజుల కాగితాలే కదా. చేరకముందు వీధి చివర ల్యాబులో చేయించిన పరీక్షలు, ఇంటికొచ్చాక రెండు నెలలపాటు కొన్న మందులు, అయిదేళ్ళ కిందటి రిపోర్టు ఎవరు తెస్తారు? మనమే.

ఇంకో మార్పు కూడా ఉంది. వరసగా 60 నెలలు పాలసీ నడిచాక, మోసం చేశారని నిరూపిస్తే తప్ప 'దాచారు' అన్న సాకుతో క్లెయిము కొట్టెయ్యకూడదు. 2024కి ముందు ఇది 8 ఏళ్ళు. అంటే ప్రతి ఏడాదీ వచ్చే రెన్యువల్ కాగితం కూడా సాక్ష్యమే, ముఖ్యంగా మధ్యలో కంపెనీ మారినవాళ్ళకి. కొత్తది వచ్చిందని పాతది పారేయకండి. ఆఫీసు పాలసీల్లో పాత జబ్బులు సాధారణంగా మొదటిరోజు నుంచే కవరవుతాయి కాబట్టి మనకీ గొడవ తెలియదు. ఉద్యోగం పోయి సొంత పాలసీ కొనుక్కున్న రోజు తెలుస్తుంది.

బిల్లుల గురించీ రెండు ముక్కలు. మందుల షాపువాడు పేరడిగితే కొన్న మనిషి పేరు కాదు, పేషంటు పేరు చెప్పాలి. మెషీన్లో వచ్చే నున్నటి కాగితం మీద అక్షరాలు ఎండకీ వేడికీ వెలిసిపోతాయి, కారు డాష్‌బోర్డు మీద పెడితే మరీను. అదే రోజు ఫోటో తీసి, ఫైలు పేరు సంవత్సరం, నెల, రోజు వరసలో మొదలుపెడితే పేరుతో సార్ట్ చేసినా కాలక్రమంలోనే వస్తాయి (లాగ్ ఫైళ్ళు చూసే వాళ్ళకి నేను చెప్పాలా :)). ఒరిజినల్స్ ఇచ్చేముందు కాపీలు తప్పనిసరి.

డిశ్చార్జి సమ్మరీ ఆసుపత్రి గడప దాటకముందే చదవండి. 'పాత జబ్బులు' అన్న లైను తప్పుంటే డాక్టరుచేత అక్కడే దిద్దించి సంతకం పెట్టించాలి. నెల తర్వాత దిద్దితే కంపెనీవాడు నమ్మడు, వాడి స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

క్లెయిము కాదన్నారనుకోండి, ఫోన్లో చెప్పింది విని ఊరుకోవద్దు. కారణం రాసి ఇమ్మనండి. ముందు కంపెనీకి ఫిర్యాదు చెయ్యాలి. వాళ్ళు కాదన్నా, నెలలోపు బదులివ్వకపోయినా, ఏడాదిలోపు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మన రెండు రాష్ట్రాలకీ హైదరాబాదు ఆఫీసే. అక్కడ మొదట అడిగేది ఆ తిరస్కరణ ఉత్తరం, దాని మీద తేదీ.