ఉపవాసం పాముది, మొక్కులు మనిషివి

అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఇళ్లలో పెంచుకునే పాముల్లో బాల్ పైథాన్‌కి ఉన్న గిరాకీ ఇంతా అంతా కాదు. సెనెగల్ నుంచి ఉగాండా దాకా పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిభూముల్లో బతికే పొట్టి జాతి కొండచిలువ ఇది. సాధారణంగా నాలుగైదు అడుగులు దాటదు. విషం లేదు. బెదిరితే కాటు వేయడానికి బదులు తలను లోపల దాచుకుని ఉండచుట్టుకుంటుంది. ఇంత సాధుజీవి మీద యజమానులకున్న పెద్ద ఫిర్యాదు ఒక్కటే: తిండి తినదు. మొన్నటిదాకా ఎలుక కనబడగానే ఉరికిన పాము ఇవాళ మొహం తిప్పేసుకుంటుంది. వారం గడుస్తుంది, నెల గడుస్తుంది, ఒక్కోసారి ఆరు నెలలూ గడుస్తాయి.

ఇక మొక్కులు మొదలవుతాయి. ఒకరు చచ్చిన ఎలుకను కోడి చారులో ముంచి పెడతారు. ఒకరు తెల్ల ఎలుక మాని గోధుమరంగు ఎలుకను తెస్తారు. ఇంకొకరు ఎలుక తలకు గాటు పెట్టి మెదడు వాసన బయటికి వచ్చేలా చేస్తారు. పామునీ ఎలుకనీ కలిపి కాగితపు సంచిలో వేసి మూతి మడిచి, రాత్రంతా గదిలోకి తొంగిచూడకుండా ఉండేవారూ ఉన్నారు. ఇలా అన్నీ చేయగా చేయగా ఏదో ఒకనాడు పాము గబుక్కున ఎలుకను పట్టుకుంటుంది. ఆ రాత్రి ఏ ఉపాయం నడిచిందో అదే మహత్తు గలదైపోతుంది. యజమాని దాన్ని మిగతా పాములవాళ్లకు చెబుతాడు, వాళ్లు ఇంకొకరికి చెబుతారు.

ఈ పాముల పెంపకం పెద్ద వ్యాపారంగా మారింది 1990ల నుంచే. అంటే ఈ ఆచారాలకు పురాణం లేదు, పూజారి లేడు, తాతలనాటి సంప్రదాయమనే దన్నూ లేదు. చదువుకున్నవాళ్లు, థర్మామీటర్లు కొనుక్కున్నవాళ్లు, తమను తాము ఆధునికులమనుకునేవాళ్లు మన కళ్ల ముందే పుట్టించిన ఆచారాలివి. నమ్మకం ఎలా మొలకెత్తుతుందో చూడాలనుకునే హేతువాదికి ఇంతకంటే తాజా ఉదాహరణ దొరకడం కష్టం.

పాము ఎందుకు తినదన్నదానికి జవాబు దాని ఒంట్లోనే ఉంది. కొండచిలువలు ఎరను వెంటాడవు. ఒకచోట మాటువేసి కూర్చుంటాయి, ఎర అటుగా వస్తే తింటాయి, రాకపోతే లేదు. అలాంటి బతుకుకు తగ్గట్టే వాటి పేగులు తయారయ్యాయి. స్టీఫెన్ సెకర్, జారెడ్ డైమండ్ అనే శాస్త్రవేత్తలు బర్మా కొండచిలువల మీద చేసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, భోజనానికీ భోజనానికీ మధ్య ఆ పాము జీర్ణవ్యవస్థను దాదాపు మూసేసి కూర్చుంటుంది. ఎర మింగాక పేగు ఉబ్బుతుంది, కాలేయం పెరుగుతుంది, ఒంట్లో శక్తి ఖర్చు పెద్ద ఎర అయితే నలభై రెట్ల దాకా పోతుంది. గుండె కండరం రెండు రోజుల్లో 40 శాతం పెరుగుతుందని 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. అరుగుదల పూర్తయ్యాక అన్నీ మళ్లీ కుంచించుకుపోతాయి. మూడు పూటలా తినే మనిషికి పస్తు ఒక గండం. ఇలాంటి పాముకు అది రోజువారీ స్థితి.

అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో ఉన్న ఒక ఆడ బాల్ పైథాన్ 2020లో, కనీసం 62 ఏళ్ల వయసులో, ఏళ్ల తరబడి మగపాము తోడు లేకుండానే ఏడు గుడ్లు పెట్టి వార్తలకెక్కింది. అంత ఆయుష్షున్న జీవి లెక్కలో ఆరు నెలలెంత?

పైగా పాము తిండి మానుకోవడానికి కారణాలు తెలియనివి కావు. కుబుసం విడిచే ముందు పాము కళ్లు నీలంగా మసకబారతాయి, అప్పుడు తినదు. జతకట్టే కాలంలో మగవి తినవు, కడుపుతో ఉన్న ఆడవీ తినవు. పెట్టెలో వెచ్చని మూల 31, 32 డిగ్రీల కంటే తగ్గితే తిన్నది అరగదు కాబట్టి తినడం మానేస్తుంది. దాక్కోవడానికి ఇరుకు చోటు లేకపోతే భయంతో తినదు. ఆఫ్రికాలో ఈ పాములు పగలంతా ఎలుక బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ ముడుచుకుని ఉంటాయి. నాలుగు వైపులా గాజు గోడలూ పైన దీపమూ పెట్టి, ముద్దు చేయడానికి రోజుకు పదిసార్లు బయటికి తీస్తే ఆకలెక్కడిది?

ఇక్కడ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1948లో ప్రచురించిన ప్రయోగం గుర్తుచేసుకోవాలి. ఆకలిగొన్న ఎనిమిది పావురాలను విడివిడిగా పెట్టెల్లో ఉంచి, అవి ఏం చేస్తున్నా పట్టించుకోకుండా నిర్ణీత వ్యవధికోసారి గింజలు అందేలా యంత్రం అమర్చాడాయన. కొన్నాళ్లకు ఒక పావురం ఎడమవైపుగా గిరగిర తిరగడం మొదలుపెట్టింది. ఒకటి పెట్టె పై మూలలోకి తలను పొడవసాగింది. మరికొన్ని లోలకంలా ఊగాయి. గింజ పడిన క్షణంలో యాదృచ్ఛికంగా ఏం చేస్తున్నాయో అదే గింజను రప్పించినట్టుగా వాటికి అలవాటైపోయిందని స్కిన్నర్ వివరణ. ఆ వివరణను తర్వాతి పరిశోధకులు కొంత తప్పుపట్టారు, అవి పావురాలకు సహజమైన చేష్టలే కావచ్చన్నారు. పావురాల సంగతి ఎలా తేలినా మనుషులకు మాత్రం అది అతికినట్టు సరిపోతుంది. పాము పెట్టె దగ్గరైతే పావురం లోపల లేదు, గాజుకు ఇవతల ఎలుకను పట్టుకు నిలబడి ఉంది.

పాము ఆకలి దాని రుతువును బట్టి తిరిగొస్తుంది. ఈలోగా యజమాని ఊరికే కూర్చోడు, వారానికో ఉపాయం ప్రయత్నిస్తాడు. కాబట్టి ఆకలి తిరిగొచ్చేనాటికి ఏదో ఒక ఉపాయం నడుస్తూనే ఉంటుంది. కోడి చారు పనిచేసిందని చెప్పాలంటే చారులో ముంచిన ఎలుక పెట్టిన పాములెన్ని తిన్నాయో, అదే వారం ఉత్త ఎలుక పెట్టిన పాములెన్ని తిన్నాయో పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్క పామును పెంచేవాడికి ఆ వీలు లేదు, ఓపికా ఉండదు. ఫలించని మొక్కుల గురించి గుడి గోడ మీద ఎవరూ చెక్కించరు కదా. ఆరు వారాలు చారు పెట్టి విసిగిపోయినవాడు ఆ సంగతి ఎవరికీ చెప్పడు.

అలాగని ఉపాయాలన్నీ ఉత్తవే అనడం కూడా తొందరపాటే. చచ్చిన ఎలుకను ఫ్రీజర్లోంచి తీసి, కరిగించి, గోరువెచ్చని నీళ్లతో ఒంటి వేడికి తెచ్చి పెడితే పాము తినే అవకాశం నిజంగానే పెరుగుతుంది. బాల్ పైథాన్ పై పెదవి వెంట వేడిని పసిగట్టే గుంటలుంటాయి. చీకట్లో ఎలుకను అది గుర్తుపట్టేది వాసనతోనూ ఒంటి వేడితోనూ. చల్లని ఎలుక దాని దృష్టిలో ఎరే కాదు. ఆగ్నేయ నైజీరియా అడవుల్లో లూయిజెల్లి, ఏంజెలిచి అనే ఇద్దరు ఈ పాముల ఆహారం పరిశీలించి 1998లో రాశారు. అక్కడ చిన్న పాములు, మగవి ఎక్కువగా పక్షులను తింటుంటే, పెద్దవి చిన్న క్షీరదాలను తింటున్నాయి. పుట్టి పెరిగిన చోట ప్రయోగశాల తెల్ల ఎలుకను ఎన్నడూ ఎరగని పాముకు దాన్ని ఇస్తే అనుమానపడటంలో వింతేముంది? వేడి చేయడానికీ చారులో ముంచడానికీ తేడా ఇదే: మొదటిదానికి పాము శరీరంలో చూపించగల కారణం ఉంది.

బతికున్న ఎలుకను వేస్తేనే సహజం, ఆరోగ్యం అన్న నమ్మకం మాత్రం పాముకే ఎసరు పెడుతుంది. ఆకలి లేని పాము పెట్టెలో రాత్రంతా వదిలేసిన ఎలుక ఊరికే ఉండదు. పాము వీపును కొరికి ఎముక కనబడేలా చేసిన సందర్భాలు పాముల వైద్యులకు కొత్త కాదు. పెట్టెలోనే తిండి పెడితే చేతిని కూడా ఎరే అనుకుని కరవడం అలవాటవుతుందని, అందుకే ప్రతిసారీ వేరే డబ్బాలోకి మార్చి తినిపించాలని ఇంకో నమ్మకం. అసలే బిడియపు పామును తిండివేళకు ఎత్తి కొత్త డబ్బాలో వేస్తే బెదిరి మానేస్తుంది. మానేసింది కాబట్టి ఇంకో మొక్కు.

వీటన్నిటికీ తలమానికం ఒక కథ. తిండి మానేసిన పెంపుడు పాము రాత్రిళ్లు యజమానురాలి పక్కన నిలువుగా సాగి పడుకుంటుందట. పశువైద్యుడు విని, అది నిన్ను మింగడానికి కొలత తీసుకుంటోంది, కడుపు ఖాళీ చేసుకుంటోంది అన్నాడట. పేరు లేని ఊళ్లో, పేరు లేని డాక్టరు చెప్పిన ఈ కథ దేశదేశాలు తిరిగింది, తెలుగు వాట్సాప్‌లోకీ వచ్చింది. మాటువేసే పాము ఎరను కొలవదు, కొలిచే వ్యవధి ఎర ఇవ్వదు. పాము మనిషి పక్కకు చేరేది వెచ్చదనం కోసం.

పాము నోట తిండి పెట్టడంలో తెలుగువారి అనుభవం ఇంతకంటే పాతది. కోస్తాలో కార్తీకంలో నాగుల చవితికి, తెలంగాణలో శ్రావణంలో నాగుల పంచమికి పుట్టలో పాలు పోస్తారు, చలిమిడీ చిమ్మిలీ పెడతారు, కోడిగుడ్లు వేస్తారు. పాలిచ్చేవి క్షీరదాలు, తాగేవి వాటి పిల్లలు. గుడ్డులోంచి వచ్చిన పాముపిల్లకు తల్లి పాలన్న సంగతే లేదు, పాలను అరిగించుకునే ఏర్పాటూ లేదు. నాగుపాము తినేది ఎలుకల్ని, కప్పల్ని, తోటి పాముల్ని. పుట్టలో పోసిన పాలను మన్ను పీలుస్తుంది. గిన్నెలో పెట్టినవాటిని తెల్లారేలోగా పిల్లి తాగేస్తుంది. ఖాళీ గిన్నె మాత్రం సాక్ష్యంగా మిగులుతుంది.

కానీ పాములవాడి బుట్టలోని పాము పాలు తాగడం కళ్లారా చూశామనేవారున్నారు. చూసింది నిజమే. పండక్కి ముందు ఆ పాముకు రోజుల తరబడి నీళ్లివ్వరు. కోరలు పీకుతారు, కొన్నిటికి మూతి కుడతారు. దాహంతో గొంతెండిన జీవి ఏ ద్రవం దొరికినా తాగుతుంది, తాగిన పాలలో కొంత ఊపిరితిత్తుల్లోకి పోయి జబ్బు చేస్తుంది. హైదరాబాద్‌లో 1995 నుంచి పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ అటవీ శాఖతో కలిసి ఇలాంటి పాములను విడిపిస్తూ వస్తోంది. గాజుపెట్టెలోని పాము యజమాని అజ్ఞానానికి కొంత ఇబ్బంది పడుతుంది. బుట్టలోని నాగు భక్తుల పుణ్యానికి ప్రాణమే ఇస్తుంది.

జెర్రిపోతు ఆవు కాళ్లకు చుట్టుకుని పొదుగు పీల్చుతుందన్న మాట పల్లెల్లో ఇప్పటికీ వినబడుతుంది. విచిత్రమేమిటంటే అమెరికా రైతులూ ఎర్రచారల పాము ఒకదాని మీద సరిగ్గా ఇదే నింద వేశారు, అక్కడ దాన్ని పాలపాము అనే పిలుస్తారు. రెండు చోట్లా పాము కొట్టంలోకి వచ్చింది ఎలుకల కోసం. డేవిడ్ కండల్ అనే శాస్త్రవేత్త 2012లో వివరించినట్టు, చాలా పాములు నీళ్లు తాగేటప్పుడు నోటి అడుగున ఉన్న మడతలు స్పంజిలా నీటిని పీలుస్తాయి, నోరు నొక్కుతూ దాన్ని లోపలికి పంపుతాయి. చనుమొనను బిగించి చప్పరించే పెదవులు వాటికి లేవు, ఉన్నవి వెనక్కి వంగిన సూదిపళ్లు. అవి పొదుగుకు తగిలితే ఆవు నిలబడుతుందా?

భక్తి ఉన్నచోటల్లా పాలే ఉండాలని కూడా లేదు. బెనిన్ దేశంలోని ఉయిదా పట్టణంలో కొండచిలువల గుడి ఉంది. అక్కడ దేవుడి రూపంగా కొలిచే పాములు ఇదే బాల్ పైథాన్‌లు. వాటిని వేటకు బయటికి వదులుతారు, ఎవరింట్లోకైనా వస్తే ఆ ఇంటివాళ్లు మర్యాదగా తెచ్చి గుడిలో అప్పగిస్తారు. ఆ పూజలో హేతువుకు నిలవని సంగతులు బోలెడుంటాయి, కానీ పాము ఏం తింటుందన్న విషయంలో ఉయిదా భక్తులు మన పుట్ట దగ్గరి భక్తుల కంటే నేల మీద ఉన్నారు.

అదే బెనిన్ నుంచీ పక్కనున్న టోగో, ఘనాల నుంచీ ఈ పాములు వేలకు వేలు విదేశీ దుకాణాలకు ఎగుమతయ్యాయి. అడవిలో పట్టి తెచ్చినవాటిలో పరాన్నజీవులుంటాయి, ప్రయాణపు బెదురుంటుంది. తిండి ముట్టనివాటిలో ఇలాంటివి తరచూ ఉంటాయి. మన దేశంలోకీ ఇవి దొంగదారిన వస్తున్నాయి. 2023 సెప్టెంబరులో బ్యాంకాక్ నుంచి బెంగళూరు వచ్చిన సామానులో కస్టమ్స్ వారికి 55 బాల్ పైథాన్‌లు, 17 రాచనాగులు ప్రాణాలతోనూ, ఆరు కోతులు చచ్చిపోయీ దొరికాయి. సామాన్లో కుక్కుకొచ్చిన పాము కొత్త ఇంట్లో ఎలుకను ముట్టకపోతే దానికి ఏ రంగు ఎలుక నచ్చుతుందని వెతికి లాభం లేదు. రోజూ ఎత్తకుండా వదిలేయాలి, వేడి సరిచూడాలి, వారానికోసారి తూకం వేయాలి. బరువు పదో వంతుకు మించి తగ్గినా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. వన్యప్రాణుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం (సైటీస్) జాబితాలో ఉన్న జంతువు కాబట్టి, 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం, 2024 నాటి నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించాలి. మన అడవుల్లోని కొండచిలువ మాత్రం ఆ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని సరదాకు ఇంట్లో పెంచుకోవడం నేరం.