కసి లేక కాదు, పిలిచేటోళ్లు లేక



పోయిన వారం మా కాలేజీల మోటివేషన్ క్లాస్ పెట్టిండ్రు. బయటి నుంచి వచ్చిన సారు రెండు గంటలు మాట్లాడి, "మీలో కసి లేదు, అందుకే మీ పిల్లలు మధ్యలో చదువు ఆపేస్తున్నారు" అన్నడు. అందరం చప్పట్లు కొట్టినం. నేను కూడా కొట్టిన. ఆ రాత్రి నిద్ర పట్టలే.

మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కిన మొదటోన్ని నేనే. ఫస్టియర్‌ల మా హాస్టల్ నుంచి ఒకే క్లాసుల పదకొండు మందిమి చేరినం. దండారి పండుగకు ఇంటికి పోయినోళ్లల్ల ముగ్గురు తిరిగి రాలే. పండుగ అయిపోంగనే పత్తి ఏరుడు మొదలైతది. కూలోళ్లకు ఇచ్చే పైసలు ఇంట్ల ఉండయి, కొడుకు ఆగిపోతడు. నెల దాటితే అటెండెన్స్ పోతది, మళ్ల క్లాసుకు రావాల్నంటే సిగ్గయితది. ఇండ్ల కసి లేకపోవుడు ఎక్కడున్నది?

ఆ ముగ్గురికి కాలేజీ ఫోన్ చెయ్యలేదని నేను చానా రోజులు తిట్టిన. మరి మనం చేసినమా? ఒకడు నా రూమ్మేటే. నేనూ చెయ్యలే. "ఎవరి బతుకు వాళ్లది" అని సీనియర్లు చెప్తే తలూపిన. సీనియర్ అన్నలూ, కోపం రావచ్చు గాని, ఆ మాట మనది కాదు. ఊర్ల ఒకని ఇల్లు కప్పాల్నంటే అందరం పోతం, హాస్టల్‌కు రాంగనే ఎవరికి వాళ్లమైతమా?

1943ల మార్లవాయిల గోండు యువకులనే టీచర్లుగా తయారు చేసే కేంద్రం నడిచింది. షెడ్యూల్డ్ ఏరియా బడులల్ల టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అన్న 2000 నాటి జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు 2020ల కొట్టేసింది. మన భాషల చెప్పే సారు క్లాసుల ఉండాలని కొట్లాడాల్సిందే. అప్పటిదాక పక్క బెంచోడే సారు.

సెకండియర్‌ల ఇంకొకడు ఆగిపోతే నలుగురం శనివారం బస్సెక్కి వాళ్ల ఊరికి పోయినం. వాళ్ల నాయనకు ఏం ఉపన్యాసం ఇయ్యలే. రెండు రోజులు చేన్ల పత్తి ఏరినం. సోమవారం పొద్దున ఆయనే కొడుకు బ్యాగు తెచ్చి బస్సు కాడ పెట్టిండు. వానికి తప్పిపోయిన కెమిస్ట్రీ పాఠాలు రాత్రిపూట గోండిల చెప్పిన. చెప్పవోతే నాకే సగం రాదని తెలిసింది, మళ్ల చదివిన. వెనకబడ్డోళ్లతోని తిరిగితే మార్కులు పోతయనేటోళ్లకు ఇదే నా జవాబు. ఆ సెమిస్టర్ ఇద్దరం పాసైనం.

ఈసారి దండారికి పోయేముందు మీ క్లాసుల ఎవరు ఏ ఊరికి పోతున్నరు, ఇంట్ల ఎవరి ఫోన్ కలుస్తది, చేను ఎన్ని ఎకరాలు, అన్నీ ఒక కాయితం మీద రాసుకోండ్రి. మా క్లాసుది రాసిన. రెండు ఊర్లల్ల సిగ్నల్ లేదు, ఆ రెంటికి బస్సు టైం రాసిపెట్టిన.