రిపోర్టు వచ్చేదాకా

జబ్బుపడితే బాధ ఒకటే. జబ్బు ఉందో లేదో తేలకపోతే బాధలు వంద. అదీ పరాయి దేశంలో అయితే చెప్పనక్కర్లేదు. సొంత ఊళ్లో రక్తమిచ్చి ఇంటికొస్తే పక్కింటి పెద్దమ్మ ‘ఏం కాదులే నాయనా’ అంటుంది. ఆవిడకు వైద్యం తెలియదు. అయినా ఆ మాటతో ఆ రాత్రికి కన్ను మూతపడుతుంది. దేశం కాని దేశంలో ఆ మాట అనేవాళ్లు ఉండరు.

ఒకప్పుడు మన ఉత్తరాంధ్రే కొందరికి అలాంటి పరాయి దేశం. బొబ్బిలిలో కెనడా బాప్టిస్టు మిషనరీలు జార్జి చర్చిల్, మెటిల్డా చర్చిల్ దంపతులు దశాబ్దాలపాటు కాపురమున్నారు. 1873లో కెనడాలోని నోవా స్కోషియా నుంచి సయాం (నేటి థాయిలాండ్) బయల్దేరిన బృందం వాళ్లది. అక్కడ అనుకున్న పని సాగక 1875లో తెలుగు నేలకు వచ్చారు. మెటిల్డా ఇంటికి రాసిన ఉత్తరాలు 1916లో పుస్తకంగా అచ్చయ్యాయి. ఒక ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి నెలలు పట్టే రోజులవి. బిడ్డకు జ్వరమని రాస్తే, ఆ ఉత్తరం అందేనాటికి జ్వరమైనా తగ్గి ఉండేది, లేదా అంతా అయిపోయి ఉండేది.

వాళ్లు వచ్చిన తొలినాళ్లలో జ్వరానికి పరీక్షే లేదు. మలేరియా క్రిమిని లావరాన్ రక్తంలో చూసింది 1880లో. అది దోమలో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే కనిపెట్టింది 1897 ఆగస్టులో. టైఫాయిడ్‌కు విడాల్ పరీక్ష 1896లో వచ్చింది. ఎక్స్‌రే అంతకు ఏడాది ముందే పుట్టింది. అంతవరకు చలిజ్వరమైతే క్వినైను, కాకపోతే ప్రార్థన. అయినా మిషనరీ కుటుంబానికి ఎండాకాలం నీలగిరులకు పోయే వీలుండేది, కొన్నేళ్లకోసారి సెలవు మీద ఓడెక్కే వీలుండేది. అదే జ్వరం తగిలిన పొరుగు రైతు కుటుంబానికి ఆ రెండూ లేవు. ఆ తేడాను మరిచిపోయి వాళ్ల కష్టాన్ని మాత్రమే తలచుకుంటే న్యాయం కాదు.

ఇప్పుడు ఓడ ఎక్కేది మనవాళ్లు. విమానమనండి. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లే వెల్డరైనా, అక్కడి తెలుగు సంఘానికి సేవ చేయడానికి భార్యాబిడ్డలతో వెళ్లిన పాస్టరైనా పరీక్షల వరుసలో నిలబడాల్సిందే. వెళ్లే ముందొకసారి, దిగాక మరోసారి. క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, హెపటైటిస్ కోసం రక్తం. ఎప్పుడో నయమైన క్షయ తాలూకు మచ్చ కనిపించినా ‘అన్‌ఫిట్’ ముద్ర పడవచ్చు.

ఆ పరీక్ష రోగి కోసం చేసేది కాదు. ఆ దేశం తన కోసం చేయించుకునేది. అందుకే అందులో జవాబు ఉంటుంది గానీ, ‘తర్వాత ఏం చేయాలి’ అన్నది ఉండదు. అప్పు చేసి వెళ్లినవాడికి అన్‌ఫిట్ అనగానే గుర్తొచ్చేది ఊపిరితిత్తులు కాదు, వడ్డీ. ఊరికి తిరిగొచ్చి నలుగురికీ ముఖం చూపించలేక మౌనంగా ఉండిపోతాడు. నిజానికి మామూలు క్షయకు ఆరు నెలల మందులు చాలు. ప్రభుత్వ ఆస్పత్రిలో అవి ఉచితం. పోషణకు నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తున్నారు. ఆ సంగతి అతనికి చెప్పేవాళ్లే కరువు.

పరాయితనానికి సముద్రం దాటనక్కర్లేదు కూడా. సీతంపేట కొండల నుంచి విశాఖ పెద్దాస్పత్రి కేజీహెచ్‌కు వచ్చే సవర తెగ ముసలమ్మకు ఆ వార్డులే విదేశం. కిడ్నీ జబ్బు పీడించే ఉద్దానంలో ‘క్రియాటినిన్’ అన్న పరీక్ష మాట తెలియని ఇల్లు అరుదు. ఆ అంకె పెరిగితే ఏం తినాలో, ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు అక్కర్లేదో నిదానంగా విడమరిచే మనిషి కూడా అరుదే.

మిషనరీల దగ్గర నేర్చుకోదగ్గది ఒకటుంది. కొత్తగా వచ్చినవాళ్లు మొదట మున్షీ (భాష నేర్పే పంతులు) దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకునేవారు, అందులో పరీక్షలకూ కూర్చునేవారు. పని ఆ తర్వాత. తర్వాతి కాలంలో సోంపేట ఆరోగ్యవరంలో కళ్లకు వైద్యం చేసిన కెనడా మిషనరీ డాక్టర్ బెన్ గల్లిసన్ మాటలు విని, కెనడాలోని కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థకు పునాది వేశారు. డబ్బు కెనడా నుంచి వచ్చింది. రోగితో మాట మాత్రం రోగికి తెలిసిన భాషలోనే సాగాలి.

ఇప్పుడు గజపతినగరం వంటి చిన్న పట్టణంలోనూ ల్యాబులకు కొదవ లేదు. కరువున్నది కాగితం చేతికిచ్చే ముందు రెండు నిమిషాలు ఆగే మనిషికి. ప్రతి ప్రభుత్వ ఆస్పత్రిలో రిపోర్టు చదివి చెప్పే బల్ల ఒకటి, కొండభాషలు వచ్చిన ఒక ఉద్యోగి, గల్ఫ్ నుంచి అన్‌ఫిట్ అని తిరిగొచ్చినవాణ్ని నేరుగా క్షయ విభాగానికి పంపే ఏర్పాటు ఉండాలి. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు. పరీక్ష చేయడం తెలిసిన మనం ఫలితం చెప్పడం కూడా వైద్యంలో భాగమేనని ఒప్పుకుంటే చాలు.