చౌడు తోలేదెవరు?

రోహిణి కార్తె వచ్చిందంటే సీమలో మట్టి మిద్దెల మీద హడావుడి మొదలయ్యేది. బండ్లతో చౌడు తోలించి, మిద్దె మీద పరిచి, తొక్కి చదును చేసేవారు. ఒక్క ఏడాది బద్ధకిస్తే తొలి వానకే నట్టింట్లో తపేలాలు పెట్టుకోవాల్సి వచ్చేది. ఆ పనికి ఇంటాయన ఎవర్నీ అడగక్కర్లేదు. మిద్దె ఆయనదే, చౌడూ ఆయన తోలించుకున్నదే.

ఇప్పుడు కప్పు ఒకటే, దాని కింద పదహారు కాపురాలు. కర్నూలులో మా మిత్రుడిది అలాంటి అపార్ట్‌మెంటే. పాతికేళ్లయింది. పై అంతస్తులో స్లాబు పెచ్చులూడి చువ్వలు కనబడుతున్నాయి. తలా కొంత వేసుకుని బాగుచేయిద్దామంటే కింది ఫ్లాటాయన, ‘వాన మా ఇంట్లో పడ్డం లేదు కదన్నా!’ అన్నాడట. పైకప్పు, మెట్లు అందరి ఉమ్మడి సొత్తని, ఖర్చూ అందరిదేనని 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం చెబుతోంది. చెబుతోందే గానీ చేతిలో డబ్బు పెట్టదు కదా! పింఛను మీద బతికే పెద్దాయన ఒక్కసారిగా అంత సొమ్ము ఎక్కణ్నుంచి తెస్తాడు?

పోనీ, సర్కారే కట్టిన ఇళ్ల సంగతేమిటి? 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఉద్యోగుల కోసం క్వార్టర్లు కట్టారు. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. ఏ, బీ, సీ క్యాంపుల పేర్లూ, ఆ క్వార్టర్లూ మిగిలాయి. వాటిలో ఎందరో ఉద్యోగుల పిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యారు. గోడలు బీటలిచ్చి, కప్పులు కారి, చాలావాటిని వదిలేసి పోవాల్సి వచ్చింది. కట్టడానికి నిధులు ఒక్కసారి వస్తాయి. సున్నానికీ సిమెంటుకూ మాత్రం ఏటా అడుక్కోవాలి.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు సర్కారు సాయం అందించింది. 2021 నవంబరు వానలకు కడప రాధాకృష్ణ నగర్‌లో మూడంతస్తుల పాత భవనం కూలింది. అదృష్టం, ప్రాణనష్టం తప్పింది. కూలిన ఇంటికి పరిహారం ఉంది. కూలబోయే ఇంటికి? వానాకాలం ముందు మున్సిపాలిటీవారు వచ్చి నోటీసు అంటించి పోతారు. దాంతోపాటు కాస్త సిమెంటు కూడా అంటిస్తే ఎంత బాగుండు!

ముంబైలో ఓ దారి వెతికారు. అద్దె నియంత్రణ వల్ల యజమానులకొచ్చే అద్దె దేనికీ చాలక, మరమ్మతులు మానేశారు. 1969లో చట్టం చేసి, 19 వేలకు పైగా పాత భవనాల మీద ‘రిపేరు సెస్సు’ వేశారు. దానికి ప్రభుత్వ నిధులు కలిపి ఓ బోర్డు బాగుచేయిస్తుంది. అదేమీ సంజీవిని కాదు. 2017 ఆగస్టు 31న భేండీ బజారులో వందేళ్లు దాటిన హుసైనీ భవనం కూలి 30 మందికి పైగా చనిపోయారు. అయినా, వానకు ముందే ఏ ఇల్లు ప్రమాదంలో ఉందో జాబితా తీసి, డబ్బు ఎవరిదో తేల్చే పద్ధతంటూ అక్కడ ఒకటుంది.

మన దగ్గరా ఇంటి పన్ను ఫ్లాటువారీగా వసూలవుతూనే ఉంది. సంఘాలకు మున్సిపాలిటీ పూచీ మీద తక్కువ వడ్డీకి అప్పు ఇప్పించి, ఆ పన్నుతో పాటే పదేళ్లలో రాబట్టుకుంటే? కట్టలేనివారి వాటా సర్కారే భరిస్తే? కొత్త ఇళ్లకు పెట్టే ఖర్చు ముందు ఇదెంత! జగన్నాథగట్టు మీద లేచిన టిడ్కో ఇళ్లూ ఇలాంటివే: 300, 365, 430 చదరపు అడుగులు, ఒక కప్పు కింద ఎన్నో పేద కుటుంబాలు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కప్పుకు కావాల్సిన సొమ్ము ఇప్పటినుంచే ఎక్కడో ఒకచోట జమ పడుతూ ఉండాలి.

అన్నట్టు, మా మిత్రుడి అపార్ట్‌మెంటులో ఈ ఆదివారం మళ్లీ మీటింగట. కిందటిసారి పదహారిళ్లకు ఏడుగురే వచ్చారు. ఈసారి కింది ఫ్లాటాయన కూడా వస్తానన్నాడట. నీళ్ల మోటారు కాలిపోయింది మరి!