కోనసీమ వాయువు, వెల్దుర్తి పొయ్యి

1995 జనవరిలో మా వెల్దుర్తి రచ్చబండ దగ్గర దినపత్రికను నేనే బిగ్గరగా చదివి వినిపించేవాణ్ణి. చూపానని పెద్దలకు అదొక సౌకర్యం, బడిపిల్లవాడినైన నాకదొక గర్వం. ఆ నెల 8న కోనసీమలోని పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావి అదుపు తప్పి అంటుకొన్నది. ఆ మంటను ఆర్పడానికి 65 రోజులు పట్టింది. రోజూ అదే వార్త. ఒకనాడు, నాకు వరుసకు తాత అయ్యే ఒకాయన చుట్ట పక్కన పెట్టి, "ఏందిరా అబ్బాయా, అంత గ్యాసు ఊరకే తగలబడిపోతావుంటే, మన పొయ్యి కాడికి ఒక్క చుక్కన్నా రాదా?" అని అడిగాడు. ఆ రోజుల్లో మావన్నీ కట్టెల పొయ్యిలే. కిరసనాయిలు కోసం చౌకదుకాణం ముందు డబ్బాలు వరుసలో పెట్టి కూర్చునేవాళ్ళం. నా దగ్గర జవాబు లేదు.

అది తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. బావిలోనుంచి వచ్చే సహజవాయువులో అధికభాగం మీథేను. వంటింటి సిలిండరులో ఉండేది ప్రొపేను, బ్యూటేనుల ద్రవం. దానిలో సగానికి పైగా మనం నేటికీ దిగుమతి చేసుకొంటున్నదే. కోనసీమ వాయువు గొట్టాల గుండా విజ్జేశ్వరం, జేగురుపాడు విద్యుత్కేంద్రాలకు, కాకినాడ ఎరువుల కర్మాగారానికి చేరేది. కనుక తాత అడిగిన వాయువు మా ఊరికి ఎంతోకొంత వచ్చే ఉంటుంది: యూరియా బస్తాగా మిరపచేలోకి, కరెంటుగా బోరు మోటారులోకి. పొయ్యి కాడికి రాలేదు, అంతే.

అందుకే ఈ సంస్థ విషయంలో నాకు కొంత పక్షపాతం ఉన్నదని ముందే ఒప్పుకొంటాను. 1956 ఆగస్టు 14న కేశవదేవ్ మాలవీయ పట్టుదలతో పుట్టిన ఓఎన్‌జీసీ 1978లో నరసాపురంలో డ్రిల్లింగు మొదలుపెట్టి ఉండకపోతే, కృష్ణా-గోదావరి బేసిన్ అనే మాట మనకు భూగోళ పాఠంగానే మిగిలేదేమో. (మా పల్నాటిని ఒరుసుకొని పారే కృష్ణ పేరు అందులో ముందున్నది. బావులలో ఎక్కువ గోదావరి వైపే.)

"ప్రభుత్వరంగం కాబట్టే ఇంత అలసత్వం, ప్రైవేటుకు అప్పగిస్తే సరి" అనే మిత్రులతో మాత్రం ఏకీభవించలేను. అదే సముద్రంలో రిలయన్సు 2009లో డీ6 క్షేత్రాన్ని తెరిచింది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తాయన్నారు. ఆ లెక్క చేరకముందే, 2010 తర్వాత ఉత్పత్తి పడిపోయింది. భూగర్భానికి యజమాని ఎవరన్నది పట్టదు.

నా ఫిర్యాదు వేరు. యజమాని అయిన ప్రభుత్వం ఈ సంస్థను తన గల్లాపెట్టెగా వాడుకొన్నది. కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న దీనదయాళ్ క్షేత్రంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువున్నదని 2005లో గుజరాత్ ప్రభుత్వం ఘనంగా ప్రకటించింది. అంత లేదని తేలిన తర్వాత, అప్పుల్లో మునిగిన ఆ రాష్ట్ర సంస్థ చేతిలోని 80 శాతం వాటాను 2017లో ఓఎన్‌జీసీ సుమారు 7,738 కోట్ల రూపాయలకు కొన్నది. 2018 జనవరిలో హిందుస్థాన్ పెట్రోలియంలో కేంద్రానికున్న 51.11 శాతం వాటాను 36,915 కోట్లకు కొన్నది. కేంద్రం తన ఎడమచేతి సొత్తును కుడిచేతికి అమ్మి, దానిని పెట్టుబడుల ఉపసంహరణ అన్నది! సంస్థ అందుకోసం అప్పు చేసింది. ఆ రెండు బేరాల వల్ల కొత్తగా ఒక్క బావీ పుట్టలేదు, ఒక్క పాత గొట్టమూ మారలేదు.

పాత గొట్టమని ఊరకే అనలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున తాటిపాక పక్కనే ఉన్న నగరం గ్రామంలో గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. గొట్టం గెయిల్‌ది, అందులో పారినది ఓఎన్‌జీసీ వాయువు. రెండూ ప్రభుత్వ సంస్థలే. పొడివాయువు పోవలసిన గొట్టంలో నీరూ, ద్రవాలూ చేరి ఇనుము తినివేయబడిందని విచారణలో తేలింది. అంతుచిక్కని ప్రకృతి వైపరీత్యం కాదది, తుప్పు.

తాత ఇప్పుడు లేడు. మా ఊరి ఇళ్ళలోకి సిలిండరు ఎప్పుడో వచ్చేసింది. ఆయన ప్రశ్నను నేను కొంచెం మార్చుకొన్నాను. నగరం వంటి ఊళ్ళలో ఇంటి పెరడు కింద పోతున్న గొట్టం ఏ సంవత్సరానిది, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఏం తేలింది అన్న మూడు సంగతులు పంచాయతీ కార్యాలయం గోడమీద తెలుగులో రాసి పెట్టడానికి ఎన్ని కోట్లు కావాలి?