ఎగిరే వేళకై వేచి ఉందాం

ఎగిరే పక్షిని చిత్రంలో బంధించాలన్న కోరిక ఈనాటిది కాదు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే 1882లో తుపాకి ఆకారం గల కెమెరాను రూపొందించి, సెకనుకు 12 చిత్రాల చొప్పున పక్షుల రెక్కల కదలికను నమోదు చేశాడు. నేడు ఆ వేగం మన ఇళ్లలోని కెమెరాలకు సైతం అందుబాటులోకి వచ్చింది. పరికరం ఎంత మారినా పక్షి మాత్రం మారలేదు. ఈ మాసం మన శీర్షికలో శీతకాలపు అతిథులైన పెద్దబాతులను గురించి ముచ్చటిద్దాం.

తెల్లని తలపై రెండు నల్లని అడ్డచారలు గల ఈ బాతును ఆంగ్లంలో బార్ హెడెడ్ గూస్ అంటారు. మనం చారతల బాతు అనుకుందాం. బరువు రెండు మూడు కిలోలు. మంగోలియా, టిబెట్ ప్రాంతాల సరస్సుల వద్ద పిల్లలను పెంచి, శీతకాలానికి హిమాలయాలను దాటి మన దేశానికి వస్తుంది. ఉపగ్రహ పరికరాలు అమర్చి జరిపిన అధ్యయనంలో ఒక బాతు 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్లు నమోదైంది. అక్కడి వాయుపీడనం సముద్రమట్టంలోని దానిలో సగం కూడా ఉండదు. ఈ పక్షులు ఒకే ఎత్తున సాగిపోక, నేల ఎత్తుపల్లాలను అనుసరించి దిగుతూ ఎక్కుతూ పయనిస్తాయని 2015లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. పలుచని గాలిలో నిలకడగా ఎగరడం కంటె దిగి మరల ఎక్కడమే వాటికి తక్కువ ఖర్చు. ఇంధనాన్ని ఇంత పొదుపుగా వాడుకొనే యంత్రాన్ని ఇంజనీర్లమైన మనం గౌరవించక తప్పదు.

వీటిని చూడదలచినవారు హిమాచల్ ప్రదేశ్‌లోని పాంగ్ జలాశయానికి వెళ్లవచ్చు. బియాస్ నదిపై 1974లో పూర్తయిన ఆనకట్ట వలన ఏర్పడిన ఈ జలాశయాన్ని 1983లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. నీటి కోసం, విద్యుత్తు కోసం మానవుడు నిర్మించిన దానిని ఈ బాతులు వేల సంఖ్యలో తమ విడిదిగా చేసుకున్నాయి. దక్షిణాదివారికి కర్ణాటక గదగ్ జిల్లాలోని మాగడి చెరువు దగ్గర. అది 2024లో రామ్‌సర్ జాబితాకు ఎక్కింది. ఎల్.టి.సి. ప్రయాణం ఆలోచిస్తున్న మిత్రులు ఈ రెండింటినీ గుర్తుంచుకోవచ్చు.

ఇక చిత్రం సంగతి. బాతు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుందాం. అనగా సెకనుకు సుమారు 17 మీటర్లు. షట్టర్ 1/125 సెకను తెరచి ఉంటే ఆ వ్యవధిలో పక్షి 13 సెంటీమీటర్లు జరుగుతుంది. 1/2000 సెకను అయితే 8 మిల్లీమీటర్లే. పక్షితోపాటు కెమెరాను త్రిప్పితే శరీరం స్పష్టంగా వచ్చినా రెక్కల అంచులు చెదరుతాయి. కనుక 1/2000కు తగ్గవద్దని మా సలహా. ఆటోఫోకస్‌ను నిరంతరం పనిచేసే పద్ధతిలో ఉంచండి. ఆకాశపు వెలుగు చూసి కెమెరా మోసపోతుంది. పక్షి నల్లబడకుండా ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు పెంచండి. నీటి పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి. గాలి, సూర్యుడు రెండూ మీ వీపు వైపున ఉంటే బాతుల బారు మీకు అభిముఖంగా, వెలుగులో లేస్తుంది.

అయితే ఎప్పుడు లేస్తుంది? ఇక్కడనే మా మనవి. గట్టున నిలిచి చప్పట్లు కొట్టి, రాయి విసరి, మందను లేపి చిత్రం తీయడం పలు తావుల చూశాము. ఇప్పుడు డ్రోన్లు కూడా వచ్చాయి. పక్షికి ఎగరడంలో మిక్కిలి శ్రమ నేలను, నీటిని విడిచి లేచే క్షణంలోనే. ఫిబ్రవరి, మార్చి నెలలలో అది కూడగట్టుకొనే కొవ్వు మరల హిమాలయాలను దాటడానికి. మనం అనవసరంగా లేపిన ప్రతిసారీ ఆ నిల్వలో కొంత ఖర్చయిపోతుంది. ఆ లోటును భర్తీ చేయగల శక్తి మనకు లేదు.

నిజానికి లేపవలసిన అవసరమూ లేదు. ఈ బాతులు పగలు నీటిపై విశ్రమించి, ప్రొద్దు గ్రుంకే వేళ మేతకు పొలాలకు పోతాయి. తెల్లవారుజామున తిరిగి వస్తాయి. అనగా దినానికి రెండుసార్లు తమంతట తామే ఎగురుతాయి. ముందుగా వెళ్లి, ఒక చోట కూర్చుని, కదలకుండా వేచి ఉంటే చాలు. మేత మాని మెడలు నిక్కించి మన వైపు చూస్తే మరీ దగ్గరకు వచ్చామన్నమాట; నెమ్మదిగా వెనుకకు తగ్గాలి.

మరొక్క విషయం. కొన్ని బాతుల మెడకు అంకెలు, అక్షరాలు గల పట్టీలు ఉంటాయి. మంగోలియాలో పట్టీలు వేసిన బాతులు దక్షిణ భారతంలో కనబడ్డాయి. పట్టీ చదవగలిగేలా తీసిన చిత్రాన్ని తేదీ, స్థలం వివరాలతో అటవీశాఖకు గాని, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి గాని పంపితే శాస్త్రజ్ఞులకు ఎంతో ఉపకరిస్తుంది.

ఈ శీర్షికకు మీరు, మీ పిల్లలు పంపే పక్షుల చిత్రాలకు ఎప్పటివలెనే స్వాగతం. షట్టర్ వేగం, లెన్స్ వివరాలతోపాటు ఇకపై వెనుకవైపున మరొక్క వాక్యం వ్రాయవలసిందిగా కోరుతున్నాము: ఆ పక్షి తనంతట తాను ఎగిరిందా, లేక మనం లేపామా అన్నది.