ఒంటరిగా అడగండి, నిజం చెబుతుంది

గుమాస్తా ఉద్యోగంలో మేము ఎన్నో కవర్లకు లక్కముద్ర వేశాము. ఒక జూనియర్ అసిస్టెంటు సమయపాలన గురించి అధికారి రాసిన రెండు వాక్యాలకు సైతం 'రహస్యం' అన్న ముద్ర, దాని మీద మరో కవరు. పదవీ విరమణ అనంతరం మా మహల్లా స్త్రీల వెంట ప్రభుత్వాసుపత్రులకు తిరగడం మొదలుపెట్టాక గాని తెలియలేదు, ఒక స్త్రీ గర్భచరిత్రకు ఆ పాటి కవరైనా దక్కదని. వరండాలో వరుస కట్టిన వారందరూ వింటుండగా బల్ల వెనుక నుండి ప్రశ్న వస్తుంది: "ఎన్నో కాన్పు? అబార్షన్లేమైనా అయ్యాయా?"

ఆ మధ్య ఒక అమ్మాయి ఆ ప్రశ్న ముందు నిలబడింది. ఆమె నోరు తెరవకముందే పక్కనున్న అత్తగారు "పహ్లా హై, మొదటిదే" అన్నారు. మొదటిది కాదు. ఖులాతో ముగిసిన తొలి నికాహ్‌లో నాలుగో నెలలో గర్భం పోయింది. ఆ సంగతి పుట్టింటివారు కొత్త సంబంధం వారికి చెప్పలేదు. అమ్మాయి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్. అటువంటి తల్లి గర్భంలోని బిడ్డ రక్తం పాజిటివ్ అయి, గర్భం పోయినప్పుడు అది తల్లి రక్తంలో కలిస్తే, తర్వాతి బిడ్డ రక్తకణాలను నాశనం చేసే ప్రతిరక్షకాలు తల్లిలో తయారు కావచ్చు. 72 గంటలలోగా యాంటీ-డి సూది వేస్తే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. అప్పుడు ఆ సూది వేయించినవారు లేరు, ఇప్పుడు చెప్పినవారు లేరు. పుట్టిన బిడ్డ మొదటి రోజే పచ్చబడింది. రక్తం మార్చవలసి వచ్చింది. అల్లాహ్ దయవల్ల దక్కింది.

"ఎందుకమ్మా దాచావు?" అని వైద్యురాలు ఆ బాలింతను గద్దించారు. దాచింది ఆమెనా? ఆ అబద్ధాన్ని అల్లినవారు పుట్టింటివారు, తెలియక పలికినవారు అత్తగారు, పలికించినది ఆ వరండా.

ముందుగా మా వారినే అడుగుతాము. భర్తను కోల్పోయిన స్త్రీ, విడిపోయిన స్త్రీ మళ్లీ నికాహ్ చేసుకోవడాన్ని మన ధర్మం అనుమతించింది. ఖదీజా (ర)గారు ప్రవక్త (స)వారిని వివాహమాడేనాటికి వితంతువు, బిడ్డల తల్లి. మరి తొలి నికాహ్‌లో నిలిచి పోయిన గర్భం ఎవరికి సిగ్గు? అల్లాహ్ కప్పిన దానిని బయటపెట్టరాదని కొందరు పెద్దలు మాతో వాదించారు. గర్భం పోవడం పాపమే కాదు, కప్పడానికి! ఇక వైద్యుని చెవిన వేసిన మాట చాటింపు కాదు, అమానత్.

ఆసుపత్రులనూ వదలము. నాలుగో కాన్పుకు వచ్చిన మా స్త్రీని "మీవాళ్లకు ఇంకా చాలదా?" అని ఎగతాళి చేస్తే, మరుసారి ఆమె రెండో కాన్పనే చెబుతుంది. కాన్పుల సంఖ్య పెరిగినకొద్దీ ప్రసవానంతర రక్తస్రావపు ముప్పు పెరుగుతుంది. ఆ సంఖ్య తెలియని వైద్యులు రక్తం సిద్ధం చేసుకోరు. ఒక్క వెటకారపు మాటకు ఎంత ఖరీదో చూడండి. పాత ఆపరేషన్ గాటయితే పొట్ట మీద కనబడుతుంది. మందుల దుకాణంలో కొన్న మాత్రకు, ఎక్కడో గుట్టుగా చేయించుకున్న శుభ్రతకు పైన గుర్తు ఉండదు. ఆమె చెబితేనే తెలియాలి.

చట్టం ఏమీ అనలేదా? వైద్యపరంగా గర్భం తొలగింపు చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం, గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరు, వివరాలు చట్టం అధికారమిచ్చిన వ్యక్తికి తప్ప మరెవరికీ వైద్యులు వెల్లడించరాదు. వెల్లడిస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనూ గోప్యత ఒక హక్కు. అత్తగారు, భర్త ఆ 'అధికారమిచ్చిన వ్యక్తుల' జాబితాలో ఉన్నారని మాకెక్కడా కనబడలేదు.

మరొక చిక్కు ఉంది. ఆమె ధైర్యం చేసి చెప్పినా, తల్లీబిడ్డల కార్డు మీద రాస్తే అది సాయంత్రానికల్లా ఇంటి అలమారాకు చేరుతుంది, చదవగల మరిది చదువుతాడు. కనుక ఆమె కోరితే అటువంటి వివరం ఆసుపత్రిలో ఉండే కేసుషీటులోనే రాయాలి. కాన్పుకు వేరే ఆసుపత్రికి వెళ్లేట్టయితే అక్కడ తానే మళ్లీ చెప్పాలని ఆమెకు బోధపరచాలి, తెలుగు రానివారికి ఉర్దూలో.

దీనికి కొత్త భవనాలు అక్కరలేదు. ఒక తెర, రెండు కుర్చీలు, ప్రశ్న అడిగే ఒక నర్సమ్మ, రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు అత్తగారిని, భర్తను బయటికి పంపండి. వెంట వచ్చిన మమ్మల్ని కూడా పంపండి, లేచి వెళతాము.